నలుగురు దొరకని ఊళ్ళో నాలుగు గవ్వలు

ముదినేపల్లిలో నలుగురిని ఒకచోట మూడు గంటలు కూర్చోబెట్టాలంటే పెళ్ళైనా జరగాలి, దినమైనా జరగాలి. పేకముక్కలకైతే ఎలాగోలా కుదురుతారు, అది వేరే సంగతి. నాతో బడికి వచ్చినవాళ్ళలో ఒకడు కూకట్‌పల్లిలో ఉన్నాడు, ఒకడు డల్లాస్‌లో ఉన్నాడు. మూడోవాడు ఊళ్ళోనే ఉన్నాడు గానీ రాత్రంతా చెరువు గట్టు మీద, పగలంతా మంచం మీద. కాబట్టి ఈ అధ్యాయంలో చెప్పబోయే ఆటకు మనుషులు దొరకరేమోనని మీరు బెంగపడనక్కర్లేదు. నాకూ దొరకలేదు.

ఆట ఏమిటో ముందు చెబుతాను. పాతాళభైరవి చూశారు కదా. 1951లో వచ్చింది, ఇప్పటికీ టీవీలో వస్తే కూర్చుండిపోతాం. తోట రాముడు మాంత్రికుడి మాట నమ్మి గుహ దాకా వెళ్తాడు. సినిమాలో వెళ్ళక తప్పదు, కె.వి.రెడ్డిగారు అలా తీశారు. ఆ రాముడు మీరే అనుకోండి. గుహ ముందు నిలబడి, “ముందు మీరు పదండి గురువుగారూ, వెనక నేనొస్తా” అన్నారనుకోండి. అప్పుడు మాంత్రికుడు ఏం చేస్తాడు? కోప్పడతాడా, నవ్వుతాడా, జుట్టు పట్టి ఈడుస్తాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక మనిషి బల్లకు అటువైపు కూర్చుంటాడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తారో చెబుతుంటారు. ఫలిస్తుందో లేదో తెలియని చోట పాచిక వేస్తారు. దీన్నే రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటున్నారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చువేసిన దగ్గర్నుంచి ఇది లోకమంతా పాకింది.

ఒంటరిగా ఆడటం జనం దొరకనివాళ్ళు చేసుకున్న సర్దుబాటు అనుకునేవాణ్ణి. కాదు. మరుసటేడు, 1975లోనే, గైగాక్స్ వాళ్ళ కంపెనీ పత్రిక మొదటి సంచికలో ఒక్కడే కూర్చుని పాచికలతో గుహలు పుట్టించుకుంటూ ఆడుకునే పద్ధతి వేశారు. 1976లో రిక్ లూమిస్ ‘బఫెలో క్యాజిల్’ అని ఒక్కరి కోసమే పుస్తకం రాశాడు. ఫలానాది చేస్తే ఫలానా అంకె దగ్గరికి వెళ్ళు అంటూ నడుస్తుంది అది. 1982లో ఇంగ్లండులో స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ ‘ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ తెచ్చారు. పిల్లలు దాన్ని పెన్సిలూ రెండు పాచికలూ పట్టుకుని చదివారు, కాదు, ఆడారు. అంటే ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఒంటరిగాళ్ళకూ పీట వేసే ఉంచింది.

నాకు ఇది చెరువు మకాంలో అంటుకుంది. ముసురు పట్టిన రాత్రులు చేపల రైతుకు నిద్ర ఉండదు. ఎండ లేని రోజు నీళ్ళలో ఆక్సిజన్ సరిగ్గా తయారవదు. తెల్లవారుజాముకు అడుగంటిపోయి చేపలు నోళ్ళు పైకి పెట్టి గాలి మింగుతుంటాయి. ఏరియేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు ఉందా, ఇంజన్లో డీజిల్ ఉందా అని కోడి కూసేదాకా చూసుకుంటూ ఉండాలి. ఫోను పట్టుకుంటే రెండు గంటలు ఎటు పోయాయో తెలియదు. బుర్ర దిమ్మెక్కి, సరిగ్గా మెలకువగా ఉండాల్సిన వేళకే కన్ను మూతపడుతుంది. ఒకసారి మూతపడింది కూడా. ఆ తెల్లారి నీళ్ళ మీద వెల్లకిలా తేలిన శీలావతుల్ని చూశాక ఫోను పక్కన పెట్టి, మేత పద్దుల పుస్తకం వెనక పేజీ నుంచి ఈ ఆట మొదలుపెట్టాను. చేతిలో పెన్ను ఉండి, తర్వాత ఏం జరుగుతుందో మనకే తెలియని కథ ఎదురుగా ఉంటే నిద్ర రాదు.

“తర్వాత ఏం జరుగుతుందో మనకే తెలియదు” అన్నాను. కొత్తవాళ్ళకు గొంతులో అడ్డుపడే ముల్లు అదే. ఆడేదీ నేనే, ఆడించేదీ నేనే అయినప్పుడు తెలియకపోవడమేమిటి? గుహలో పులిని పెట్టేదీ నేనే, దాన్ని చూసి ఉలిక్కిపడేదీ నేనేనా? మీకు ఈ అనుమానం వచ్చిందంటే ఆట సరిగ్గా అర్థమవుతోందన్నమాట.

కాశీమజిలీ కథలు గుర్తు తెచ్చుకోండి. మధిర సుబ్బన్న దీక్షితులుగారు 12 భాగాలు రాశారు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడుస్తుంటాడు, తోడుగా ఒక గొల్లపిల్లవాడు. ప్రతి మజిలీలోనూ స్వామి వంట చూసుకుంటుంటే వీడు ఊరు తిరిగి ఏదో ఒక వింత చూసి వస్తాడు. “స్వామీ, ఇదేమిటి?” అని పట్టుబడతాడు. అక్కడి నుంచి కథ. ఆ పుస్తకం చదివిన వాళ్ళందరూ మణిసిద్ధుణ్ణి మెచ్చుకుంటారు. నా లెక్కలో గొప్పవాడు గోపడు. వాడు అడగకపోతే 12 భాగాల్లో ఒక్క పేజీ లేదు. ఒంటరి ఆటలో మీరు గోపడు. కథ చెప్పే బాధ్యత మీది కాదు. అడిగే బాధ్యత మీది. మరి మణిసిద్ధుడెవరు?

ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని ఆరకిల్ అంటారు. నేను సోదెమ్మ అంటాను. సోది అంటే ఇప్పటి కుర్రాళ్ళకు పనికిరాని కబుర్లని అర్థమైపోయింది గానీ, బుట్ట చంకన పెట్టుకుని, పుల్ల అరచేతికి ఆనించి ఎరుక చెప్పే మనిషిని చూసి పెరిగినవాళ్ళకు ఆ మాటలో ఇంకా కాస్త వణుకు ఉంటుంది. సోదెమ్మను అడుగుతారు, చెబుతుంది, చెప్పాక ఇక మార్చరు. ఆట మొత్తం ఈ మూడు ముక్కలే. అడగడం, వినడం, మార్చకపోవడం. మూడోదే కష్టం.

మన సోదెమ్మ నాలుగు గవ్వలు. అష్టాచమ్మా ఆడిన ఇంట్లో ఎక్కడో ఒక డబ్బాలో ఉంటాయి. లేకపోతే రెండు చింతగింజలు తెచ్చి, ఒక్కోదాన్ని రెండు బద్దలు చేయండి. లోపలి వైపు తెలుపు, బయట నలుపు, నాలుగు పిక్కలు తయారు. ప్రపంచాన్ని ఒక ప్రశ్న అడగండి, ‘అవును’ ‘కాదు’ అని తేలే ప్రశ్న. గవ్వలు వేయండి. నోళ్ళు పైకి తెరిచినవి లెక్కపెట్టండి. మూడు తెరిస్తే అవును. ఒకటి తెరిస్తే కాదు. రెండు తెరిస్తే ‘అవును, కానీ’ అని ఏదో మెలిక ఉన్నట్టు. నాలుగూ తెరిచి చమ్మా పడితే ‘అవును, పైగా’. మీరు అడిగినదానికన్నా ఎక్కువే జరిగింది. నాలుగూ బోర్లాపడి అష్టా అయితే ‘కాదు, పైగా’. దెబ్బ మీద దెబ్బ.

లెక్క కావాలనుకునేవాళ్ళకు: నాలుగు నాణేలు వేస్తే పదహారు రకాలుగా పడతాయి. అందులో ఆరు సార్లు రెండు తెరుచుకుంటాయి, నాలుగు సార్లు మూడు, నాలుగు సార్లు ఒకటి, ఒక్కసారి అన్నీ, ఒక్కసారి ఏదీ లేదు. అంటే మెలికలు ఎక్కువ, ఉపద్రవాలు తక్కువ. కథకు కావలసిన పాళ్ళు అవే. అయితే గవ్వ నాణెం కాదు. ఒక్కో గవ్వది ఒక్కో నడుము, కొన్ని బోర్లా పడటానికే పుట్టినట్టుంటాయి. మీ గవ్వల్ని ఓ వంద సార్లు వేసి గీతలు పెట్టుకోండి, వాటి బుద్ధి తెలుస్తుంది. మా ఇంట్లోవి కాస్త నిరాశావాదులు. ఆ సంగతి తెలిసే ఆడుతున్నాను.

జరగడానికి ఎక్కువ వీలున్న సంగతి అడుగుతుంటే పడినదానికి ఒకటి కలపండి. వీలు తక్కువైతే ఒకటి తీసేయండి. ఇంతకు మించి నిబంధన వద్దు. గవ్వలు లేకపోతే లూడో పాచిక చాలు: ఒకటి పడితే ‘కాదు, పైగా’, రెండైతే కాదు, మూడైతే ‘కాదు, కానీ’, నాలుగైతే ‘అవును, కానీ’, అయిదైతే అవును, ఆరైతే ‘అవును, పైగా’.

అవును కాదులతో తేలనివి కొన్ని ఉంటాయి. పెట్టెలో ఏముంది? వాడెందుకు ఏడుస్తున్నాడు? దానికి మన అవధానుల దారి పట్టండి. దత్తపదిలో పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని ఒకే పద్యంలో ఇమిడ్చి తీరాలి. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతిశాస్త్రిగారు పుట్టిన యండగండి ఇక్కడికి దగ్గర్లోదే, భీమవరం పక్కన. ఆ గాలి మనకూ కొంచెం తగలకపోదు. ఆ రోజు పేపరు తెరిచి, కళ్ళు మూసుకుని వేలు పెట్టండి. వచ్చిన మాట రాసుకోండి. ఇంకోసారి పెట్టండి. రెండు మాటలు చాలు. వాటిని మీ ప్రశ్నకు ముడిపెట్టండి. మొదట పొంతన కుదరదు. ఒక నిమిషం కళ్ళు మూసుకుంటే కుదురుతుంది. చిలక జోస్యంలో చిలక చేసేది కార్డు లాగడమే. ఆ బొమ్మను ఎదుటివాడి కష్టానికి అతికించేది జోస్యుడి నేర్పు. ఇక్కడ చిలక పని గవ్వలదీ పేపరుదీ, జోస్యుడి పని మీది.

ఇక ఎక్కడి కథ ఆడాలి? చాలామంది మంచు కొండలూ రాతి కోటలూ పెట్టుకుంటారు, సినిమాల్లో చూసినవి. తప్పేం లేదు, కానీ మూడో రోజుకు మీ దగ్గర వివరాలు అయిపోతాయి. మంచు కొండ మీద పొద్దున్నే ఏ వాసన వస్తుందో మీకు తెలియదు. కొల్లేటి గట్టు మీద తవుడు బస్తా తడిస్తే వచ్చే వాసన తెలుసు. తెలిసినదే వాడండి. పటం గీయండి: రెండు డెల్టాల నడుమ పళ్ళెంలాంటి సరస్సు. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. సముద్రానికి పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. పోటు వస్తే ఆ దారినే ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. ఈ నాలుగు గీతల్లోనే ఎన్ని కథలు ఉన్నాయో చూడండి. కొల్లేటికోటలో కోట కట్టుకున్న గజపతిని పట్టలేక శత్రువులు సరస్సు నీటిని దింపడానికి ఉప్పుటేరు తవ్వారనీ, ఆ పోరులో ఒకరు కన్నకూతుర్నే బలి ఇచ్చారనీ, అందుకే ఆ కాలువ పేరంటాల కనుమ అయిందనీ ఒక గాథ ఉంది. అది జరిగిందా లేదా అన్నది చరిత్రకారుల పని. ఆటగాడి పని, ఆ పిల్ల ఆ రాత్రి పారిపోగలిగిందా అని గవ్వల్ని అడగడం.

ఈ మధ్యవీ తీసుకోవచ్చు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. గట్టు కొట్టే రోజు ఒక కాపలావాడి కథ ఆడొచ్చు. 2022 ఏప్రిల్ 4న పొద్దున లేచేసరికి మేం కృష్ణా జిల్లా వాళ్ళం కాస్తా ఏలూరు జిల్లా వాళ్ళమయ్యాం. పటం మీద గీత అటునుంచి ఇటు జరిగితే కథలోని పాత్రకు ఏమవుతుంది? నేనైతే పాత కాలం ఎంచుకున్నాను, సరస్సు మీద రోడ్లు లేని రోజులు. ఒక రాత్రి ఆటను ఉన్నదున్నట్టు చెబుతాను, ఎలా నడుస్తుందో అర్థమవుతుంది.

నా పాత్ర పేరు ముత్యాలు. తాటిదోనె మీద మనుషుల్నీ సరుకుల్నీ లంకలకు దాటిస్తాడు. నలభై దాటాయి, భార్య పోయింది. అతని గురించి మూడే ముక్కలు రాసుకున్నాను: దారులు తెలిసినవాడు, మాట తప్పడు, అప్పులున్నాయి. కొత్త పాత్రకు ఇంతే రాయండి. ఒక బలం, ఒక పట్టుదల, ఒక గుంట. జాతకమంతా ముందే రాసేస్తే ఆడటానికి ఏమీ మిగలదు.

ఆరంభం: ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. ముందు రాత్రి ముత్యాలుకు ఎవరో మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి ఇచ్చారు. తెల్లారేలోగా గుడి మెట్ల దగ్గర చేర్చాలి, విప్పి చూడకూడదు. ఒప్పుకున్నాడు. ఇదొక్కటే నేను ముందుగా అనుకున్నది.

మొదటి ప్రశ్న: కిక్కిస మధ్య నుంచి పోయే దగ్గరి దారి తెరిచి ఉందా? దారులు తెలిసినవాడు కదా, అవునని మొగ్గు చూపించి ఒకటి కలుపుకుందామనుకున్నాను. గవ్వలు వేశాను. అష్టా. సున్నాకు ఒకటి కలిపినా ఒకటే. లేదు. నా మనసులో అప్పటికే ముత్యాలు దగ్గరి దారిన హాయిగా పోయి కోట దగ్గర ఏదో గొడవలో ఇరుక్కుంటున్నాడు. ఆ గొడవంతా ఊహించుకుని ఉన్నాను కూడా. అదంతా గోదారి పాలైంది. కొట్టేశాను. దారి ఎందుకు మూసుకుంది? గాలికి గుర్రపుడెక్క కొట్టుకొచ్చి మందంగా పేరుకుంది. ఇది నాకు వెంటనే తట్టింది, ఎందుకంటే చూసినదే.

చుట్టూ తిరిగిపోతే తెల్లారిపోతుంది. గెడ వేసి డెక్కలోంచే తోసుకుపోతానన్నాడు ముత్యాలు. పాత్ర ఏదైనా కష్టమైన పని చేసేటప్పుడూ అవే గవ్వలు: మూడో నాలుగో పడితే పని అయింది, రెండు పడితే అయింది గానీ ఏదో పోయింది, ఒకటో సున్నానో అయితే కాలేదు. రెండు పడ్డాయి. దాటాడు, ఏదో పోయింది. ఏం పోయింది? పేపరు తీసి వేలు పెట్టాను. ‘వెలుగు’ అని వచ్చింది, ఏదో పథకం పేరులో ముక్క. రెండోసారి ‘రుణం’. వెలుగు అంటే లాంతరు. ఊగిన ఊపుకు లాంతరు నీళ్ళలో పడిపోయింది. రుణం? కొంతసేపు తట్టలేదు. లేచి వెళ్ళి ఏరియేటర్లు చూసి వచ్చాను. వస్తుంటే తట్టింది, ఇంకొకరి దగ్గర దీపం అరువడగాలి.

చీకట్లో ఇంకో దోనె కనబడుతుందా? రెండు. అవును, కానీ. కనబడింది, కానీ అందులో ఉన్నవాడు ముత్యాలు అప్పుపడ్డ బావమరిది. అప్పులున్నాయని మొదట రాసుకున్న మూడో ముక్క ఇక్కడ తనంతట తనే వచ్చి దోనెలో కూర్చుంది. ఇది జరిగినప్పుడు వచ్చే ఆనందాన్ని వర్ణించడం నాకు చేతకాదు. మీకు జరిగాక మీరే ఒప్పుకుంటారు.

బావమరిది కుళ్ళుబోతా? మూడు. అవును. “దీపం ఇస్తా బావా, అప్పు సంగతీ మర్చిపోతా. ఆ కుండలో ఏముందో ఒక్కసారి చూపించు.”

ఇక్కడ ఆగాలి. ఇప్పుడు గవ్వలు పట్టుకుని “ముత్యాలు చూపిస్తాడా?” అని అడిగారో, ఆట చచ్చిపోతుంది. ప్రపంచం గురించి గవ్వల్ని అడగండి, మీ పాత్ర మనసు గురించి ఎప్పుడూ అడగొద్దు. గాలి ఎటు వీస్తోంది, తలుపు గడియ వేసి ఉందా, బావమరిది అబద్ధమాడుతున్నాడా, ఇవి సోదెమ్మ పనులు. విప్పాలా వద్దా అన్నది ముత్యాలు పని, అంటే నా పని. నేను ఆ రాత్రి ఇరవై నిమిషాలు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. మాట తప్పడని రాసుకున్నది నేనే. కానీ అప్పు తీరితే పెద్దమ్మాయి పెళ్ళి చెయ్యొచ్చు. అతనికి పెద్దమ్మాయి ఉందని అంతకు ముందు నిమిషం దాకా నాకే తెలియదు.

చూపించలేదు. దీపం లేకుండానే పోయాడు. దాని ఫలితం తర్వాతి రాత్రి సంగతి.

ఇదంతా నా పుస్తకంలో ఎలా ఉందనుకుంటున్నారు? “దారి తెరిచుందా – అష్టా – లేదు. డెక్క. తోశాడు – 2. లాంతరు పోయె. బావమరిది – అప్పు – కుండ చూపించమన్నాడు. చూపించలేదు.” ఇంతే. పక్క పేజీలో తవుడు బస్తాల లెక్క. కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు నవల రాయడానికి కూర్చోవడం. మొదటి పేరా బాగుందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటే ముత్యాలు ఎప్పటికీ గట్టు దిగడు. సాహిత్యం రాయాలనిపిస్తే రాయండి, అది వేరే సరదా, వేరే అధ్యాయం. ఇక్కడ మాత్రం పద్దులు రాసినట్టు రాయండి. మా ఆవిడ ఆ పుస్తకం చూసి, “ఈ బావమరిదెవరు, మా అన్నయ్యకు మీరు ఎంత బాకీ?” అని నిలదీసింది. వివరించాను. నమ్మినట్టే తలూపింది.

రెండో తప్పు, నచ్చని జవాబు వచ్చినప్పుడు “అసలు గవ్వ జారింది” అనుకుని మళ్ళీ వేయడం. నేనూ వేశాను, ఎందుకు దాచడం. మళ్ళీ వేసిన రాత్రుల్లో ఒక్కదాంట్లో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. అష్టా పడిన రాత్రులన్నీ గుర్తున్నాయి. జవాబు బొత్తిగా అర్థంపర్థం లేకుండా ఉంటే రెండు నిమిషాలు దాన్ని తిప్పి చూడండి, అప్పటికీ కుదరకపోతేనే మార్చండి. అసలు ఆ ప్రశ్నే తప్పయి ఉంటుంది. జవాబు ఏదైనా కథ మారని ప్రశ్నలు వేస్తే సోదెమ్మ కూడా సోది చెబుతుంది. “ఆకాశంలో మబ్బులున్నాయా?” అని అడిగి ఏం లాభం? “వాన మొదలయ్యేలోగా ఒడ్డు చేరగలడా?” అని అడగండి. ఒక్కో సన్నివేశానికి మూడు నాలుగు ప్రశ్నలు మించనివ్వకండి. ప్రతి గడప దగ్గరా గవ్వలు వేసేవాడు ఇంట్లోకి ఎప్పుడు అడుగు పెడతాడు?

మూడోది చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బు. నలభై పుస్తకాలు ఫోనులోకి దింపుకుని, నిబంధనలు పోల్చి చూసుకుంటూ, ఒక్క రాత్రీ ఆడరు. వంటల పుస్తకాలు కొని పస్తులుండటం లాంటిది. ముందు ఈ నాలుగు గవ్వలతో ఐదు రాత్రులు, రాత్రికి అరగంట చొప్పున ఆడండి. ఆ తర్వాత కూడా ఆకలి ఉంటే పుస్తకాలున్నాయి. నేను చెప్పేవన్నీ ఇంగ్లీషువే. షాన్ టామ్‌కిన్ రాసిన ‘ఐరన్‌స్వోర్న్’ 2018లో వచ్చింది, దాని డిజిటల్ పుస్తకం ఉచితం. ఒంటరి ఆటగాణ్ణి దృష్టిలో పెట్టుకునే రాశాడు. పాత్ర ఇనుము ముట్టుకుని ప్రమాణం చేస్తుంది, కథంతా ఆ ప్రమాణం చుట్టూ నడుస్తుంది. ముత్యాలు కుండ చేరుస్తానన్న మాట నేను అక్కడి నుంచి తెచ్చుకున్నదే. దాని పాచికల లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది: మీ ఆరు ముఖాల పాచికకు మీ బలం కలిపి, ఎదురుగా రెండు పది ముఖాల పాచికలతో పోలుస్తారు. రెంటినీ దాటితే పూర్తి గెలుపు, ఒకదాన్నే దాటితే సగం గెలుపు, రెండూ మిమ్మల్ని ఆపితే ఓటమి. తానా పిజన్ 2003లో తెచ్చిన ‘మిథిక్’ సోదెమ్మలన్నిటికీ పెద్దమ్మ. కథ అదుపు తప్పేకొద్దీ జవాబులు కూడా అదుపు తప్పేట్టు ఒక అంకె పెట్టారందులో. రచన మీద మక్కువ ఉన్నవాళ్ళకు టిమ్ హచింగ్స్ ‘థౌజండ్ ఇయర్ ఓల్డ్ వ్యాంపైర్’. వెయ్యేళ్ళు బతికే రక్తపిశాచి, కానీ జ్ఞాపకాలకు చోటు అయిదింటికే. కొత్తది రావాలంటే పాతది కొట్టేయాలి. పెన్నుతో మీరే కొట్టేయాలి. ముసలితనంలో మతిమరుపు వచ్చినవాళ్ళను ఇంట్లో చూసుకున్నవాళ్ళు దీన్ని జాగ్రత్తగా ముట్టుకోండి, లోపల తగులుతుంది. కథ గొడవ వద్దు, గళ్ళ కాగితం మీద గుహలు గీసుకుంటూ నలుగురు వీరుల్ని నడిపిస్తే చాలు అనేవాళ్ళకు ఆండ్రియా స్ఫిలిగోయ్ ‘ఫోర్ అగైనెస్ట్ డార్క్‌నెస్’ ఉంది. అది దాదాపు లెక్కల పుస్తకం, అలసిన బుర్రకు హాయి.

పాత్ర చచ్చిపోతే? పోనివ్వండి. నా మొదటి పాత్ర, బుడమేరు వరదలో ఇల్లు వెతుక్కునే పిల్లవాడు, రెండో రాత్రికే పోయాడు. ఆ రోజు అన్నం సయించలేదంటే నవ్వుతారు. కొత్త పాత్రను అదే లోకంలో పెట్టండి, పాతవాడి గుర్తు ఏదైనా అతనికి దొరకనివ్వండి. ముత్యాలు దోనెకు కట్టిన తాడు ఆ పిల్లవాడు నడుముకు కట్టుకున్నదే. ఎలా వచ్చిందో ఇంకా అడగలేదు.

ఆట చప్పబడే రాత్రులూ వస్తాయి. ఏం అడిగినా అవును, కాదు, అవును, ఉప్పూ కారం లేకుండా. అలాంటప్పుడు బలవంతంగా లాగకండి. పుస్తకం మూసేసి పటం మీద ఒక కొత్త లంక గీసి పేరు పెట్టండి, పడుకోండి. లేదా కథలోకి ఒక మనిషిని తోలండి: పేపరులో వేలు పెట్టి రెండు మాటలు, ఒక కొత్త ముఖం, వాడికి మీ పాత్ర దగ్గర ఏదో కావాలి. నాకు అలా వచ్చినవాడు గూడబాతుల గుడ్లు లెక్కపెట్టే తెల్లదొర. వాడెందుకు వచ్చాడో తెలియక నాలుగు రాత్రులు నాకు కునుకు పట్టలేదు. చెరువు కాపలాకు ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

కొంతమంది పాటలు పెట్టుకుని ఆడతారు, కొంతమంది పాత్ర గొంతుతో పైకే మాట్లాడతారు. మీ ఇంట్లోవాళ్ళ ఓపికను బట్టి చూసుకోండి. మకాంలో అయితే ఏ ఇబ్బందీ లేదు, కప్పలు తప్ప వినేవాళ్ళు లేరు.

ఆపేముందు ఒక పని అలవాటు చేసుకోండి. ఆ రాత్రి ఆట ముగిసిన చోట కింద, జవాబు తెలియని ప్రశ్న ఒకటి రాసి, దాన్ని అడక్కుండా గవ్వలు డబ్బాలో వేసేయండి. మర్నాడు చేల వెంట తిరుగుతున్నా, ఐసు బస్తాలు లారీకి ఎక్కిస్తున్నా అది వెనకాల నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ కూర్చునేటప్పటికి ఆట అప్పుడే మొదలై ఉంటుంది. నా పుస్తకంలో అలాంటి ప్రశ్న ఒకటి నెల రోజులుగా ఉంది. ముత్యాలు కుండను మెట్ల దాకా చేర్చాడు, తీసుకోవడానికి ఎవరూ రాలేదు. జాతర అయిపోయింది, దుకాణాలు ఎత్తేశారు. అతను ఇంకా ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు, కుండ ఒళ్ళో పెట్టుకుని. గుడ్డ ముడి తడిసి ఉబ్బింది. లోపల ఏదో కదిలిందా?